ఎడమ పక్కన మూడు లీటర్లు

నేను గాలి నింపి బతికే మనిషిని. ఈ మాట చెబితే కొత్తవాళ్లు సైకిల్ ట్యూబుల దుకాణం అనుకుంటారు. కాదు. నీళ్లలో మునిగి పనిచేసేవాళ్లు వీపున కట్టుకునే సిలిండర్లలో గాలి నింపుతాను. ఏడాదికోసారి వాటిని పరీక్ష చేసి, పనికొస్తాయో రావో రాసి సంతకం పెడతాను. మా నాన్న వదిలివెళ్లిన కంప్రెసర్ ఒకటి, దాని మోతకి సగం చెవుడొచ్చిన చెవులు రెండు, ఇదీ నా ఆస్తి. నా సంతకంతో దిగిన మనిషి పైకి రాకుండా పోయిన రోజు ఇంతవరకు లేదు. గొప్పకి చెప్పడం లేదు. నా భయం ఎక్కడుంటుందో తెలియాలని చెబుతున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది జల్లెడాయన సంగతి. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఊరికి నీళ్లిచ్చే జలాశయంలో, గట్టు గోడ అడుగున, ఇరవై రెండు మీటర్ల లోతున మనిషికి రెండింతల ఎత్తున్న ఇనప ఊచల చట్రం ఉంది. నీళ్లు దాని సందుల్లోంచే గొట్టాల్లోకి పోతాయి. ఆఫీసులో దాన్ని జల్లెడ అంటారు. కొమ్మలు, గోనె సంచులు, తీగల చుట్టలు, ఒకసారి కాళ్లు విరిగిన మంచం కూడా, అన్నీ వచ్చి దానికే అతుక్కుంటాయి. గొట్టం మూయించి, కిందికి దిగి, వాటిని కోసి, గీకి, పైకి పంపడం అతని పని. ఊళ్లో కుళాయి తిప్పితే నీళ్లు రావడంలో అతని చెయ్యి ఉందని ఊరికి తెలియదు. అతను చెప్పుకోడు కూడా. అసలు అతను ఏదీ చెప్పుకోడు. నోట్లో మౌత్‌పీస్ లేనప్పుడు కూడా ఉన్నట్టే ఉంటాడు.

పంతొమ్మిదేళ్లు అతను ఒంటరిగా దిగలేదు. పక్కన బామ్మర్ది ఉండేవాడు, భార్యకి సొంత తమ్ముడు. వీళ్లిద్దరి పుణ్యమా అని ఆఫీసులో అందరికీ అతను బామ్మర్ది అయిపోయాడు. ఇంజనీరు దగ్గర్నుంచి కాపలావాడి దాకా "బామ్మర్ది వచ్చాడా?" అనే అడుగుతారు. అక్కచెల్లెళ్లు ఎంతమందున్నా అంతమంది బావలు ఎవరికీ ఉండరని నేను నవ్వేదాన్ని. బామ్మర్దిది ఎడమచేతి వాటం. పక్కపక్కన కూర్చుని అన్నం తినేటప్పుడు అలాంటి మనిషిని ఎడమ చివర కూర్చోబెడతాం, మోచేతులు తగలకుండా. జల్లెడ ముందూ అంతే. బావ కుడివైపు, బామ్మర్ది ఎడమవైపు. ఒకసారి కూడా మారలేదు.

ఆ లోతున చీకటి. దీపం పెట్టినా బురద లేచిందంటే చేతి వేళ్లు కనపడవు. గాలి అయిపోతే పక్కవాడి ఛాతీ మీద వేలాడే అదనపు మౌత్‌పీస్ అందుకోవాలి. జల్లెడాయన చెయ్యి చాపితే చాలు, అక్కడ బామ్మర్ది ఉండేవాడు. పంతొమ్మిదేళ్లలో నిజంగా అవసరం పడింది మూడుసార్లే. కానీ నెలకోసారి కళ్లకి గుడ్డ కట్టుకుని ఇద్దరూ దాన్ని సాధన చేసేవాళ్లు. చీకట్లో తడిమితే తెలియడానికి బామ్మర్ది గొట్టం చుట్టూ ఆవిడ, అంటే జల్లెడాయన భార్య, మందపాటి దారం చుట్టి కుట్టింది. ఆవిడ ఇంట్లో కుట్టుపని చేస్తుంది. సోఫా గుడ్డల నుంచి పిల్లల బడి సంచుల దాకా కుట్టే పెద్ద మిషను ఉంది.

పోయిన చలికాలం, ఏటా తీయించే ఊపిరితిత్తుల ఫొటోలో, బామ్మర్దికి అంచున చిన్న బుడగ కనపడింది. నేల మీద ఉన్నంతకాలం దానివల్ల ఏ ఇబ్బందీ లేదట. లోతుకి వెళ్లి సిలిండర్ గాలి పీల్చి పైకి వస్తే మాత్రం అది పగులుతుందట. ఇక నీళ్లలోకి దిగొద్దని డాక్టరు రాసిచ్చాడు. నలభై నాలుగేళ్ల మనిషి ఆ కాగితం చేత్తో పట్టుకుని నా దుకాణానికి వచ్చి, బల్ల మీద పెట్టి, గంటసేపు కూర్చుని వెళ్లిపోయాడు. వాళ్ల బావ, కనీసం పడవలో కూర్చుని తాడన్నా పట్టుకోమన్నాడు. దిగేవాడి నడుముకి కట్టే తాడు అది, చిక్కుల్లో పడితే లాగి సైగ చెయ్యడానికి.

"పైన కూర్చుని తాడు పట్టుకోడానికి నేనేమన్నా గేదెలు కాస్తున్నానా?" అన్నాడట బామ్మర్ది. ఆ తర్వాత జలాశయం వైపు తొంగి చూడలేదు.

ఆఫీసువాళ్లు జోడీ కోసం ఇద్దరిని పంపారు. ఒకడు మొదటిరోజే చీకటి చూసి సెలవు పెట్టాడు. రెండోవాణ్ణి జల్లెడాయనే వద్దన్నాడు. ఎందుకని నేను అడిగాను.

"వాడి ఊపిరి నాకు తెలీదక్కా," అన్నాడు. "ఎప్పుడు భయపడతాడో, ఎప్పుడు ఆయాసపడతాడో. బామ్మర్దిదైతే బుడగల చప్పుడు విని చెప్పేస్తాను. యాభై ఒకటొచ్చాయి నాకు. ఇంకొకణ్ణి నేర్చుకునే వయసా?"

వానలకి ఇంకా ఆరు వారాలు. వానలొస్తే వరదకి కొట్టుకొచ్చే చెత్తంతా జల్లెడ మీదే. ఇంజనీరమ్మ చిన్నదైనా గట్టి మనిషి. ఒంటరిగా దిగనిస్తాను కానీ ఒక షరతు అంది. పెద్ద సిలిండర్‌తో ఏ సంబంధమూ లేని రెండో గాలి ఒంటి మీద ఉండాలి, అది చాలునని నేను సంతకం చెయ్యాలి. తాడుంది కదా అని ఎవరో అంటే, తాడు మనిషిని లాగుతుంది కానీ ఊపిరి పొయ్యదు అందట. ఆ మాట నాకు నచ్చింది.

జల్లెడాయన మర్నాడే ఒక సీసా కొనుక్కొచ్చాడు. మంచినీళ్ల సీసా అంత ఉంది, నెత్తిన మౌత్‌పీస్ బిగించి ఉంది. బల్ల మీద పెట్టి, అడగకుండానే "తేలిక" అన్నాడు.

"దీని మీద ఏం రాశారు?"

"నలభై ఊపిర్లు."

"నేల మీద కుర్చీలో కూర్చున్నవాడికి నలభై. నువ్వుండే చోట ఒక్కో ఊపిరికి మూడింతల గాలి పోతుంది. పదమూడొస్తాయి. భయపడినవాడు నిమిషానికి ఎన్ని తీస్తాడు?"

ఆలోచించాడు. "ఇరవై."

"పైకి రావడానికి ఎంతసేపు?"

"తొందరపడకుండా వస్తే రెండున్నర నిమిషాలు. నీళ్ల పైకి తేలేముందు ఒళ్లు సర్దుకోడానికి ఆగాల్సిన మూడు నిమిషాలు వేరే."

"మరి పదమూడు ఊపిర్లతో ఎక్కడిదాకా వస్తావు?"

సీసాని తన వైపు లాక్కున్నాడు. ఏనుగు దాహానికి చూరునీళ్లు తెచ్చావన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువని, ముఖం తిప్పుకున్నాడు. జంట సిలిండర్ల సంగతి అతనే ఎత్తి అతనే వదిలేశాడు. గోడకీ జల్లెడకీ మధ్య మూల ఇరుకు, అంత వీపుతో తిరగలేడు. పైగా ఆ రెంటినీ ఒకే గొట్టం కలుపుతుంది, అది తెగితే రెండూ పోతాయి. చివరికి నా గోడ పక్కనున్న మూడు లీటర్ల చిన్న సిలిండర్ తీశాను. దానికి గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించే వేరే రెగ్యులేటర్, ఎంత గాలి ఉందో చూపించే వేరే గేజ్. పెద్దదానితో దీనికి ఏ చుట్టరికమూ ఉండకూడదన్నాను. నిండా నింపితే గేజ్ రెండు వందలు చూపిస్తుంది. లెక్క వేస్తే, అడుగున ఒక నిమిషం కంగారుపడి, నిదానంగా పైకొచ్చి, ఆగాల్సినంత ఆగినా, ఇంకా కొంత మిగులుతుంది. అతను ఆ లెక్కని రెండుసార్లు వేసి చూసి తలూపాడు.

ఎక్కడ కట్టాలన్నది అసలు చర్చకే రాలేదు. కుడిచేతి వాటం మనిషి, కుడివైపే అనుకున్నాం. ఎడమ నడుముకి ఎలాగూ గీకుడు పనిముట్ల సంచి ఉంటుంది. జల్లెడాయన భార్య కుడివైపుకి కొలిచి పట్టీలు కుట్టింది. నేనూ కాగితం మీద కుడివైపు అనే రాసుకున్నాను. నలభై ఏళ్ల అనుభవం నాది. ఆ రోజు ఏ గాలికి పోయిందో తెలియదు.

పట్టీలు ఇవ్వడానికి ఆవిడ స్వయంగా వచ్చింది. వాటిని బల్ల మీద పెట్టి, అంచులు సర్దుతూ నిలబడింది.

"తమ్ముడు పక్కనున్నన్ని రోజులు నేను ఈయన గురించి భయపడలేదక్కా. బావమరిది బతక కోరతాడంటారు కదా. వాడు కిందున్నాడంటే చాలు, పడుకునేదాన్ని. ఇప్పుడీ డబ్బాని నమ్మమంటున్నారు. నమ్మొచ్చా?"

"సంతకం పెట్టేముందు నేను ఒకసారి నీళ్లలో చూస్తాను," అన్నాను. "మీ తమ్ముణ్ణి కూడా పంపు."

"రాడు."

"అక్క మాట కాదంటాడా? పంపు."

సోమవారం పొద్దున ఈత బడిలో కొలను కడగడానికి మూసేస్తారు. పిల్లలు లేని ఆ రెండు గంటలు అడిగి తీసుకున్నాను. మూడు మీటర్ల లోతు వైపు నేను కూడా సిలిండర్ వేసుకుని దిగాను. నా వయసులో ఆ రబ్బరు చొక్కాలోకి దూరడం ఒక యుద్ధం, దాని గురించి ఇక్కడ రాయను. జల్లెడాయన ముసుగు అద్దానికి లోపల నల్ల కాగితం అంటించాను. అతని చేతికి గీకుడు పనిముట్టు ఇచ్చి, కొలను గోడ ముందు కూర్చోబెట్టాను. ఎప్పుడో చెప్పను, వెనకనుంచి నీ పెద్ద వాల్వు మూసేస్తాను, నువ్వు చిన్నదానికి మారాలి అని ముందే ఒప్పందం. బామ్మర్ది గట్టు మీద, కాళ్లు నీళ్లకి తగలకుండా ముడుచుకుని కూర్చున్నాడు.

జల్లెడాయన గోడ గీకుతున్నాడు. కాసేపు ఆగి వాల్వు మూశాను. ఒక ఊపిరి వచ్చింది, రెండోది సగంలో ఆగింది. కుడి చేతిలో పనిముట్టు అలాగే ఉంది. ఎడమ చెయ్యి లేచింది. భుజం దాకా లేచి, పక్కకి చాచుకుని, అరచెయ్యి తెరిచింది. అక్కడ ఉత్త నీళ్లు. చెయ్యి వాటిని తడిమింది. ఇంకొంచెం దూరం చాచి మళ్లీ తడిమింది. మూడు లీటర్ల నిండు గాలి అతని కుడి పక్కటెముకల మీద ఉంది. నేను అయిదు లెక్కపెట్టి వాల్వు తెరిచేశాను.

పైకొచ్చి కాగితం పీకేశాడు. "ఇంకోసారి," అన్నాడు.

ఇంకోసారీ అంతే. మూడోసారి ఎడమకి పోయిన చెయ్యి మధ్యలో గుర్తు తెచ్చుకుని కుడికి వచ్చింది. నాలుగు సెకన్లు ఆలస్యం. ఇక్కడ నాలుగు సెకన్లంటే ఏమీ కాదు. అక్కడ, ఊపిరి వదిలేశాక, బురదలో, ఆ నాలుగు సెకన్లలో మనిషి నీళ్లు మింగుతాడు.

"నేను సంతకం పెట్టను," అన్నాను.

"నేర్పిస్తానక్కా. రోజూ వచ్చి చెయ్యికి నేర్పిస్తాను."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఆ చెయ్యి ఒక దారికి పంతొమ్మిదేళ్లు అలవాటు పడింది. ఆరు వారాల్లో దాన్ని మరిపిస్తావా?"

"మరి నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. అతను గొంతు పెంచడం నేను విన్నది అదొక్కసారే. ఖాళీ కొలనులో ఆ గొంతు చాలా పెద్దగా వినపడింది. గట్టు పట్టుకుని తల దించుకున్నాడు. యాభై ఒక్క ఏళ్ల మనిషి, అంత పనిమంతుడు, తన చెయ్యి తన మాట వినలేదని సిగ్గుపడుతున్నాడు. నాకూ సిగ్గేసింది. ఊపిర్లు లెక్కపెట్టాను, లీటర్లు లెక్కపెట్టాను, అతని పక్కన ఒక మనిషి ఉండేవాడన్నది లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు బామ్మర్ది లేచాడు. పైనుంచి అతను అంతా చూశాడు. ఆ చాచిన అరచెయ్యి ఎవరికోసమో మాకంటే అతనికే ముందు తెలిసుంటుంది. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కోపమొచ్చి పోయాడనుకున్నాను. ఓ పావుగంటకి తిరిగొచ్చాడు, చేతిలో తన పాత రెగ్యులేటర్. దారం చుట్టిన గొట్టం, ఎడమవైపు పళ్లతో కొరికి అరిగిన మౌత్‌పీస్.

"బావా, పట్టీ విప్పు. సిలిండర్ ఎడమవైపు కట్టు, దీన్ని దానికి బిగించు."

"ఎడమవైపు సంచి..."

"సంచి కుడికి పోనీ. గీకేది కుడి చేత్తోనే కదా." వంగి, బావ ఎడమ భుజం మీద వేలు పెట్టాడు. "మౌత్‌పీస్ ఇక్కడ. కింద కాదు, ఛాతీ మీద కాదు. నీ చెయ్యి ముందు నీ భుజం దాకా లేస్తుంది, ఆ తర్వాతే నా వైపుకి వస్తుంది. ఎప్పుడూ అంతే. నీకు తెలీదు, నేను చూశాను. ఆ దారిలో పెట్టు."

జల్లెడాయన సంచి తీసి పక్కన పెట్టాడు. పట్టీ విప్పాడు.

కొత్త పట్టీలు ఎడమకి సరిపోలేదు. ఆవిడకి ఫోను చేస్తే సూది, దారం, కత్తెర పట్టుకుని అక్కడికే వచ్చింది. కొలను గట్టు మీద కూర్చుని, మొగుడి ఒంటి మీదే కొలిచి, చేత్తో కుట్టింది. తమ్ముడు వేలితో చూపించిన చోట సాగే పట్టీ ఒకటి వేసి, మౌత్‌పీస్‌ని అందులో దూర్చింది. తన చేత్తో ఎప్పుడో చుట్టిన దారాన్ని బొటనవేలితో ఒకసారి తడిమింది.

మళ్లీ దిగాం. మళ్లీ నల్ల కాగితం. వాల్వు మూశాను. చెయ్యి భుజం దాకా లేచింది, దారం తగిలింది, అక్కడే ఆగిపోయింది. పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా ముందుకి, ఆ ఉత్త నీళ్లలోకి పోలేదు. ఏడుసార్లు చూశాను. ఏడుసార్లూ అంతే. పైకొచ్చి, తడి చేత్తోనే, కాగితం మీద కుడివైపు అన్నది కొట్టేసి ఎడమవైపు అని రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత బామ్మర్ది రోజూ నా దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. రెగ్యులేటర్లు విప్పి కడిగి ఆరబెడతాడు. పనిమంతుడే, ఆ చేతులకి చెప్పాల్సిందేమీ లేదు. జలాశయం మాట ఎత్తితే మాత్రం లేచి కుళాయి దగ్గరికి పోయేవాడు. బావ దిగే రోజుల్లో మాత్రం, సాయంత్రం ఆ సిలిండర్లు నింపడానికి వచ్చేదాకా ఇంటికి వెళ్లేవాడు కాదు. నేను గమనించినట్టు కనపడనిచ్చేదాన్ని కాదు.

వానలొచ్చాయి. జల్లెడాయన నాలుగుసార్లు దిగాడు. నాలుగుసార్లూ చిన్న సిలిండర్ నేనిచ్చినట్టే రెండు వందలతో తిరిగొచ్చింది. అయిదోసారి దిగిన రోజు, మధ్యాహ్నం నాలుగింటికి, జల్లెడాయన వచ్చి రెండు సిలిండర్లూ బల్ల పక్కన దించాడు. అలవాటుగా చిన్నదాని గేజ్ చూశాను. ముల్లు డెబ్బై దగ్గరుంది.

"ఇది కారుతోందా?"

"లేదు. వాడాను."

నా చేతిలోది కింద పెట్టేశాను. అతను నిలబడే చెప్పాడు, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. ఊచల మధ్య ఇనప తీగల చుట్ట ఒకటి బిగుసుకుపోయి ఉందట. కోస్తుంటే అది ఒక్కసారిగా విడిపోయి విసురుగా వచ్చి తగిలిందట. పెద్ద గొట్టం చీలిపోయింది. చుట్టూ బుడగలే, తల ఎటుందో తెలియలేదట. గాలంతా అలాగే పోయింది.

"చెయ్యి?" అన్నాను.

"భుజం దాకా లేచింది." తన ఎడమ భుజం వైపు చూసుకున్నాడు. "దారం తగిలింది. ఉన్నాడక్కా."

బామ్మర్ది కుళాయి దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కడిగేసిన రెగ్యులేటర్‌నే మళ్లీ కడుగుతున్నాడు. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి కుళాయి కట్టేశాడు కానీ ఇటు తిరగలేదు.

"తాడెవరు పట్టుకున్నారు ఇవాళ?" అని అటు తిరిగే అడిగాడు.

"పడవాయన."

"ఎన్నిసార్లు లాగావు?"

"లాగలేదు. గుర్తే రాలేదు."

"అడుగునుంచి బుడగలు అన్నొస్తుంటే పైనున్నవాడికి అనుమానం రాలేదా?"

"వాడికేం తెలుసురా, నా బుడగలు."

బామ్మర్ది చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "మళ్లీ ఎప్పుడు దిగుతున్నావు?"

"కొత్త గొట్టం బిగిస్తే, గురువారం."

"ఎన్నింటికి?"

"ఏడింటికి పడవ."

"అక్కకి చెప్పు, రెండు అన్నం డబ్బాలు కట్టమని."

జల్లెడాయన తలూపాడు. నేను చిన్న సిలిండర్‌ని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గొట్టం బిగించి, కంప్రెసర్ వేశాను. తొందరగా నింపితే వేడెక్కుతుంది, అందుకని వాల్వు కొంచెమే తెరిచాను. బామ్మర్ది వచ్చి గేజ్ ముందు నిలబడ్డాడు. ముల్లు రెండు వందలకి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.